భాష మార్పుకు తీర్పరులెవరు?

"తెలుగు చెడిపోతున్నది" అనే మాట మన సాహిత్య సభల్లో మంగళాచరణం వంటిదయింది. వక్త ఎవరైనా కానివ్వండి, వేదిక ఏదైనా కానివ్వండి, ఆ మాట అననిదే ఉపన్యాసం మొదలు కాదు. చెడగొట్టిన వారెవరని అడిగితే వేళ్లన్నీ ఒక్క వైపుకే చూపుతాయి: మొదటిసారి బడి గడప తొక్కిన ఇళ్ల పిల్లలు, కూలిజనం, సినిమా, పట్నపు సందులు. పండితుడు భాషను చెడగొట్టాడన్న ఆరోపణ మాత్రం ఆ సభల్లో నేనెన్నడూ వినలేదు.

చెడిపోవడమంటే ఏమిటో తేలాలంటే ముందు మారడమంటే ఏమిటో తేలాలి. అందుకు సభలు చాలవు, భాషాచరిత్ర కావాలి. ఆ చరిత్రను మనం ఎం.ఏ.లో ఒక పేపరుగా చదువుతాం, తరగతిలో చెబుతాం, జవాబులకు మార్కులు వేస్తాం. అది చెప్పే తీర్పును మాత్రం మనకు వర్తింపజేసుకోం. ఈ వైరుధ్యాన్ని గూర్చే ఈ వ్యాసం.

మాది కోనసీమలో, వైనతేయ గోదావరి ఒడ్డున, అప్పనపల్లి. ఉదాహరణలకు దూరం పోనక్కరలేదు కనుక అక్కడినుంచే మొదలుపెడతాను. అంబాజీపేట దగ్గరి నందంపూడి పేరు సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే. 1053లో రాజరాజనరేంద్రుడు ఆ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. ఆ తామ్రశాసనాన్ని రచించినవాడు నన్నయభట్టు. శాసనం సంస్కృతం. కాని ఆ ఊరు ఏ సీమలోదో చెప్పవలసివచ్చేసరికి తెలుగు పేరు తప్పలేదు: రెండేఱుల నడిమి విషయం. గౌతమికీ వసిష్ఠకూ నడుమ వున్న నేల అని అర్థం. రాజు కీర్తికి సంస్కృతం సరిపోయింది. నేలను గుర్తుపట్టడానికి ఆ నేలమీద బతికేవాళ్ల మాటే కావలసివచ్చింది. తూర్పు చాళుక్యుల శాసనాల్లో వంశస్తుతి సంస్కృతంలోనూ, పొలిమేరలు తరచు తెలుగులోనూ వుండడం మనకు తెలుసు. భాషాచరిత్రకారుడికి ఎక్కువ పనికివచ్చేది ఆ పొలిమేరల భాగమే.

ఆ పేరులోని బండి ఱను చూడండి. ఈనాడు మనం "ఏరు" అని రాస్తాం. ర, ఱ ల మధ్య తేడా ఇప్పుడు మన నోట లేదు. ఒకప్పుడు వుండేది. తమిళంలో నదిని "ఆఱు" అంటారు. అక్కడా అది మామూలు రేఫ కాదు, వేరే అక్షరం. ర, ఱ లను ప్రాసలో కలపరాదని మన లాక్షణికులు శాసించారంటే ఆ తేడాకు చెవిలో ఆధారం వుండబట్టే. తర్వాతి కవులు కలపసాగారు. 1656 ప్రాంతాన అప్పకవి తన లక్షణగ్రంథంలో శకటరేఫ వుండే మాటలకు పట్టీ వేశాడు. పట్టీ ఎప్పుడు అవసరమవుతుంది? చెవి మరిచిపోయినప్పుడు. "క" ఎక్కడ పలకాలో, "గ" ఎక్కడ పలకాలో చెప్పే పట్టీ ఏ తెలుగు పిల్లవాడికీ అక్కరలేదు. శకటరేఫకు పట్టీ కావలసివచ్చిందంటే, అప్పటికే అది నోటినుంచి పోయి పుస్తకంలో మిగిలిందన్నమాట.

ఇంకొక మాట తీసుకుందాం. కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల కాలపు శాసనాలు మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలు. కలమళ్ల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితుల నిర్ణయం. అందులో ఆ సీమ పేరు "రేనాణ్డు". ఆ కాలపు శాసనాల్లోనే "వాన్ఱు" అనే రూపం కనిపిస్తుంది. అది "వాణ్డు" అయింది, తర్వాత "వాఁడు" అయింది, ఇప్పుడు "వాడు". ఆ నిండు నాసిక్యం సగమై అరసున్నగా మిగిలి, చివరికి ఆ సగమూ పోయింది. "మూన్ఱు" నుంచి "మూడు" దాకా జరిగిందీ ఇదే.

ఇప్పుడు "చెడిపోయింది" అనేవారిని ఒక్క ప్రశ్న అడగాలి. ఈ నాలుగు మెట్లలో భాష చెడిపోయింది ఏ మెట్టున? అరసున్న పెట్టినవాడు వాణ్డును చెడగొట్టాడా? వాణ్డు అన్నవాడు వాన్ఱును చెడగొట్టాడా? ఎవరి తాతగారి మెట్టును వారు శుద్ధమంటారు. దాని వెనకటిది ప్రాచీనం, దాని ముందటిది భ్రష్టం! ఈ కొలతకు శాస్త్రంలో చోటు లేదు.

మార్పుకు క్రమం వున్నదన్న సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. మా ఊరి పేరు చివర వున్న "పల్లి" కన్నడంలో "హళ్ళి". మన పులి వారికి "హులి", మన పాలు వారికి "హాలు". పాత కన్నడంలో ఈ మాటలకూ మొదట పకారమే వుండేది. వేయేళ్ల కిందటి నుంచి అది క్రమంగా హకారమవుతూ వచ్చింది. పాలు హాలయినంత మాత్రాన విరిగిపోలేదు. అలాగే కన్నడం "కివి" మనకు చెవి, వారి "కెరె" మనకు చెఱువు, వారి "గిళి" మన చిలుక. ఇక్కడ మారినవాళ్లం మనం. ఇ, ఎ లకు ముందున్న కకారాన్ని చకారం చేసుకున్నాం. తమిళుల "ఏఴు" మన ఏడు, వారి "కోఴి" మన కోడి, వారి "మేఴి" మన నాగలి మేడి. ఒక మాటలో జరిగితే యాదృచ్ఛికమనవచ్చు. వరసగా జరిగితే సూత్రం. ఈ మార్పును ఎవరో ఒకరు సోమరితనంతో చేసింది కాదు. తరాల తరబడి మాట్లాడిన జనసమూహం చేసింది. దున్నేవాడు పట్టుకున్న మేడి కూడా, మేడలోని మహాకవి పద్యం కూడా ఆ సూత్రానికి లోబడినవే.

ఈ సూత్రాలే మన భాష పుట్టుకను గూర్చిన పాత నమ్మకాన్ని కూల్చాయి. తెలుగు సంస్కృతానికి వికృతి అని మన సంప్రదాయ వ్యాకరణం చాలాకాలం చెప్పింది. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి మద్రాసులో ఎల్లిస్ రాసిన పీఠిక దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ధాతువులను పోల్చి చూపింది. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వచ్చింది. మన వ్యాకరణాల వర్గీకరణను ఒకసారి తలుచుకోండి: తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. పైమెట్టున సంస్కృతం, అడుగున గ్రామం పేరు మోసే మాట. ఆ మాటకు కావ్యప్రవేశం లేదు. ఈ నిచ్చెన ఎక్కడో చూసినట్టు లేదూ? భాషాశాస్త్రం ఈ నిచ్చెనను పనికిరాదని తీసివేసింది. "గ్రామ్యం" అన్నది ధ్వనిలోనో రూపంలోనో వున్న లక్షణం కాదు. ఆ మాట పలికిన మనిషిపై మరొక మనిషి వేసిన ముద్ర.

ఈ శాస్త్రానికి కోనసీమ ఇద్దరు పెద్దలనిచ్చింది. ఇద్దరినీ కలిపి చూడడం అవసరం. అమలాపురంలో పుట్టిన కోరాడ రామకృష్ణయ్య (1891-1962) మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ తెలుగును తమిళ కన్నడాల పక్కన పెట్టి చూసే పద్ధతిని మన విద్యార్థులకు అలవాటు చేశారు. ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు (1860-1941) 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు ముందు నిలిచి, గ్రాంథిక భాషకు కంచుకోట అయ్యారు. గిడుగు రామమూర్తికీ, గురజాడకూ ఎదురుగా నిలిచిన ప్రధాన వాది ఆయనే. అదే పంతులుగారు యుద్ధమల్లుని బెజవాడ శాసనాన్ని పరిష్కరించారు, శాసనపద్యాలను సేకరించి గ్రంథం కూర్చారు. భాష ఏ శతాబ్దిలోనూ నిలిచివుండలేదని సాక్ష్యమిచ్చే రాళ్లను తన చేతులతో చదివిన పండితుడు, నిలిచివున్న భాషే భాష అని వాదించాడు!

దీన్ని వ్యక్తి బలహీనత అని తోసివేస్తే లాభం లేదు. మార్పు గతంలో జరిగితే చరిత్ర, మన కళ్లముందు జరిగితే అపచారం అనుకోవడం చదువుకున్న వర్గాల సామాన్య లక్షణం. దానికి ఎదురు ఉదాహరణ కూడా వుంది. 1937లో "ఆంధ్రభాషా చరిత్రము" ప్రకటించిన చిలుకూరి నారాయణరావు వ్యావహారిక వాదంలో గిడుగు పక్షం. అయినా తెలుగు పుట్టుక విషయంలో ఆయన ఆర్యభాషా వాదాన్నే పట్టుకున్నారు. తర్వాతి పరిశోధన ఆ వాదాన్ని నిలబెట్టలేదు. ఒకరు మూలం విషయంలో పొరబడి వర్తమానాన్ని సరిగా చూశారు. మరొకరు ప్రాచీన సాక్ష్యాన్ని జాగ్రత్తగా కూర్చి, వర్తమానాన్ని చూడలేకపోయారు. విమర్శకుడు ఇద్దరి దగ్గరా నేర్చుకోవలసింది వున్నది.

ధ్వనుల మార్పు నోటి సంగతి అయితే, అర్థాల మార్పు సంఘం సంగతి. నువ్వుల నెయ్యి నూనె అయింది. తర్వాత ఆ మాట అన్ని గింజల చమురుకూ పాకింది. మా సీమలో "కొబ్బరినూనె" అన్నప్పుడు అందులో నువ్వులు వున్నాయన్న స్పృహ ఎవరికీ లేదు. చెంబు అంటే రాగి. ఇప్పుడు స్టీలు చెంబుతో నీళ్లు తాగుతున్నాం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు సాగినప్పుడు ఇంగ్లీషు "లాక్" మా నోట "లాకు" అయి, లాకులుగా బహువచనం కూడా పొందింది. సఖినేటిపల్లి రేవులో "పంటు" ఎక్కేవారు అది ఇంగ్లీషు మాట అనుకోరు. ఈ మాటలను తెచ్చింది నిఘంటుకారుడు కాదు. కాలవ పనిచేసిన కూలీ, రేవు దాటించే సరంగు తెచ్చారు.

అర్థాల మార్పులో సంఘం క్రూరత్వం కూడా నమోదవుతుంది. భర్త పోయిన స్త్రీని చెప్పే "విధవ" అనే మాట "వెధవ" అనే తిట్టయింది. చివరికి మగవాణ్ణి తిట్టడానికి కూడా అదే పనికివచ్చింది. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. అంతకు ముందే, 1856లో, చట్టం వచ్చింది. చట్టం మారింది, ఆచారమూ కొంత మారింది. తిట్టు మాత్రం అలాగే వుంది. అర్థాపకర్షకు ఉదాహరణగా ఈ మాటను పుస్తకంలో చూపి పుట తిప్పేయడం పాఠం చెప్పడం కాదు. అపకర్ష ఎవరిది, చేసినవారెవరు అని అడిగినప్పుడే భాషాచరిత్ర చరిత్ర అవుతుంది.

ఇక్కడ మనవాళ్లు కొందరు అత్యుత్సాహం చూపుతారు. సంఘం మారితే భాష మారుతుంది కనుక భాష పూర్తిగా వర్గసొత్తు అంటారు. ఈ వాదం కొత్తది కాదు. సోవియట్ భాషావేత్త మార్ (1865-1934) భాష ఉపరితల నిర్మాణమనీ, వర్గానికొక భాష అనీ వాదించాడు. ప్రపంచంలోని మాటలన్నీ సల్, బెర్, యోన్, రోష్ అనే నాలుగు మూలధాతువుల నుంచి పుట్టాయని కూడా చెప్పాడు! 1950లో ప్రావ్దా పత్రికలో జరిగిన చర్చలో స్టాలిన్ దాన్ని ఖండించి, భాష వర్గానికి కాక జాతి మొత్తానికి చెందినదన్నాడు. మార్ సిద్ధాంతం శాస్త్రం కాదన్న మాట నిజమే. అయితే శాస్త్ర వివాదం పార్టీ నాయకుడి వ్యాసంతో తేలడం మనం మెచ్చదగిన పద్ధతి కాదు. పైగా ఆ జవాబు ఒక ప్రశ్నను మిగిల్చింది. భాష అందరిదీ అయితే, అందులో ఎవరి మాట సరైనదిగా చలామణి అవుతుంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతిని 1963లో అమెరికా యువకుడు లబోవ్ చూపాడు. మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవిలో వేసవి విడిదికి వచ్చే సంపన్నుల తాకిడి పెరుగుతున్నది. ఆ దీవి జాలరులు, ఇది మా దీవి అనుకునేవారు, కొన్ని అచ్చులను తమ ప్రత్యేక పద్ధతిలో మరింతగా పలకసాగారు. వెళ్లిపోదామనుకునే వారిలో ఆ ఉచ్చారణ తక్కువ. మార్పు కళ్లముందే జరుగుతున్నదనీ, మనుషులు తాము ఎవరి పక్షమో నోటితో తెలుపుతారనీ ఆ పరిశోధన నిరూపించింది. భాష అందరిదీ, ఉచ్చారణలో మాత్రం పక్షాలు వుంటాయి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాశాడు. గిడుగు జీవితమంతా పోరాడాడు. వ్యావహారికం గెలిచింది, ఆ గెలుపు ఫలం మనమంతా అనుభవిస్తున్నాం. కాని గెలిచిన వ్యావహారికం ఎవరి వ్యవహారం? కృష్ణా గోదావరీ మండలాల్లో చదువుకున్న పైకులాల వ్యవహారం. గ్రాంథికం దిగిపోయిన సింహాసనం ఖాళీగా వుండలేదు. మా డెల్టా మాట దానిమీద కూర్చున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మండలాల భాషగా విభజించి చూపినప్పుడు అందులో ఏది గొప్పదని చెప్పలేదు. పాఠ్యపుస్తకాలు, పత్రికలు, సినిమాలు ఆ పని చేశాయి. వచ్చినవాఁడు, వచ్చినాఁడు అనే పాత రూపాలు ఒకచోట "వచ్చాడు", ఒకచోట "వచ్చినాడు", ఒకచోట "వచ్చిండు" అయ్యాయి. మూడూ ఒకే తల్లి బిడ్డలు. పైగా "వచ్చిండు"లో నాసిక్యం ఇంకా వినిపిస్తుంది, "వచ్చాడు"లో పోయింది. ప్రాచీనతే కొలత అయితే నవ్వవలసింది ఎవరిని చూసి? అయినా దశాబ్దాల తరబడి "వచ్చిండు" అన్నవాడు తెరమీద నవ్వులాటకో, దౌర్జన్యానికో గుర్తయ్యాడు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం వెనుక వున్న అవమానాల్లో ఇదీ ఒకటి.

డెల్టాలో కూడా అందరి మాటా ఆ సింహాసనం ఎక్కలేదు. లంకల నుంచి, సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి వచ్చే విద్యార్థి "ఎల్లేడు" అంటాడు, "ఎనక" అంటాడు, "ఈది" అంటాడు. "వకారం ఏదిరా?" అని తరగతిలో నవ్వు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇలా నవ్విన తర్వాత ఒక విద్యార్థి ఆ సంవత్సరమంతా నోరు విప్పి జవాబు చెప్పలేదు. అతని జవాబు పత్రాలు తరగతిలో మంచివాటిలో వుండేవి.

నవ్వినవారు "రాశాడు" అంటారు. దాని పాత రూపం "వ్రాసినాఁడు". వకారం అక్కడా పోయింది! క్రింద కింద అయింది, ప్రొద్దు పొద్దు అయింది, మ్రాను మాను అయింది. వ్రాయడంలోని వకారాన్ని విడిచిపెడితే శిష్ట వ్యావహారికం; వెళ్లడంలోని వకారాన్ని విడిచిపెడితే గ్రామ్యం. నియమాలు వేరు కావచ్చు, రెండింటిలోనూ జరిగింది ధ్వనిలోపమే. మొదటిదాన్ని చదువుకున్నవాడు కూడా విడిచిపెట్టాడు కనుక అది పరిణామం. రెండవదాన్ని చదువు అందనివాడు విడిచిపెట్టాడు కనుక అది దోషం. ఈ తేడా భాషలో లేదు. బడి ఎవరికి ముందు అందింది, ఎవరికి వెనక అందింది అన్న చరిత్రలో వుంది. కులం తలుపు దగ్గర ఆపినవాడి నోటిని ఇప్పుడు వ్యాకరణం తలుపు దగ్గర ఆపుతున్నాం.

"అయితే రాతకు ఒక ప్రమాణం అక్కరలేదా? ఎవరికి తోచినట్టు వారు రాస్తే అర్జీలు, పాఠాలు, శాస్త్రగ్రంథాలు ఎలా నడుస్తాయి?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్రమాణం కావాలి. పేద విద్యార్థికి అది మరీ కావాలి. అది రాకపోతే ఉద్యోగం రాదు, కోర్టు కాగితం అర్థం కాదు. దాన్ని నేర్పకుండా "నీ మాటే నీకు చాలు" అనడం ఉదారత ముసుగు వేసుకున్న మోసం. కాని ప్రమాణం ఒక సౌకర్యం, యోగ్యతాపత్రం కాదు. రోడ్డుకు ఎడమవైపు నడవాలన్నది కూడా నియమమే. ఎడమ చెయ్యి పవిత్రమైనదని దానికి అర్థం కాదు. "ఇది రాతలో వాడుక, అది నీ ఇంటి వాడుక, రెండూ తెలుగే" అని చెప్పి నేర్పడం ఒకటి. "నీది తప్పు" అని నేర్పడం వేరొకటి. మొదటి పద్ధతిలో విద్యార్థికి రెండు భాషలు దక్కుతాయి, రెండవ పద్ధతిలో ఒకటి పోతుంది, రెండవది భయంతో వస్తుంది.

భాషాచరిత్ర పేపరు చెప్పే మనం చేయగలిగిన పనులు వున్నాయి. తాలవ్యీకరణకు ఉదాహరణ అడిగే ప్రశ్నతో పాటు, విద్యార్థి ఇంటి మాటలో జరిగిన ఒక మార్పును గుర్తించి వివరించమనే ప్రశ్న కూడా ఇవ్వాలి. అప్పుడు లంక పిల్లవాడి నోరు తరగతికి నవ్వు కాక సాక్ష్యం అవుతుంది. రెండవది, సేకరణ. 1962లో భద్రిరాజు సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వచ్చింది. 1971లో చేనేత సంపుటం. పనిచేసేవారి నోటినుంచి మాటలు ఏరిన ఆ పద్ధతి మన కాలేజీలకు అందుబాటులో వున్నది. మా సీమలో దింపు తీసేవారి మాటలు, ఒలుపు వాళ్ల మాటలు, కురిడీ కొట్లలోని మాటలు, రేవుల్లో పడవ మాటలు వున్నాయి. వంతెన పడిన రేవులో పడవ ఆగిపోతుంది, ఒలుపు యంత్రం వచ్చిన చోట గునపం మూలపడుతుంది; పనిముట్టుతోపాటు దాని మాటా పోతుంది. పని మారడం మంచిదే కావచ్చు. దాని మాటలు మాత్రం నమోదు కాకుండా పోకూడదు.

వచ్చే వేసవి సెలవుల్లో ప్రతి విద్యార్థీ తన ఊళ్లో ఒక్క పనిని ఎంచుకోవాలి. ఆ పనిచేసే వృద్ధుల దగ్గర కూర్చుని, పనిముట్ల పేర్లూ, వాటి భాగాల పేర్లూ, పనిలో వాడే క్రియలూ, వారు పలికినట్టే, దిద్దకుండా, రాసుకు రావాలి. దిద్దకుండా రాయడమే అన్నింటికంటె కష్టం. చెయ్యి తనంతట తాను వకారం చేర్చబోతుంది. దాన్ని ఆపగలిగిన విద్యార్థికి భాషాచరిత్ర పాఠం వంటబట్టిందని నేను నమ్ముతాను. మార్కులు ఆ పనికి వేస్తాను.